తెలిసిన మనిషి కావాలి

వయసులో తాటిచెట్లకు కల్లు లొట్లు కట్టినవాణ్ణి. ముసలితనంలో నా తలకే లొట్లు కడతారని ఎన్నడూ అనుకోలేదు.

కోరుట్ల బస్టాండు వెనక ఫంక్షన్ హాలులో, పెళ్ళికొడుకులు కూర్చునే ఎర్ర కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. బొక్కలు బొక్కలున్న ఒక టోపీ తలకు బిగించారు. ప్రతి బొక్కలో చల్లటి జిగురు పోసి, ఒక్కో తీగ తగిలించారు. తీగలన్నీ పోయి ఒక పెట్టెలో కలిశాయి. పెట్టె పక్కన కంప్యూటరు, కంప్యూటరు మీద వాగు పారినట్టు వంకర గీతలు.

"పొద్దుగాల గీసినవు గదా బిడ్డా, మాపటికి ఎన్ని సీసాలు దిగుతది?" అని అడిగాను.

జిగురు పోస్తున్న అమ్మాయి నవ్వు ఆపుకోలేక చేయి పక్కకు తీసింది. పేరు జ్యోతి. జగిత్యాల పిల్ల. హైదరాబాదులో ఏదో యూనివర్సిటీలో మెదడు మీద పరిశోధన చేస్తోంది. పట్నాల్లో చదువుకున్న ముసలివాళ్ళకు పెట్టే పరీక్షలు మా వంటివాళ్ళకు సరిపోవట. అందుకని ఊళ్ళు తిరిగి, మాలాంటి వాళ్ళ జ్ఞాపకం ఎట్లా ఉంటుంది, ఎట్లా జారిపోతుంది, జారకముందే కనిపెట్టడం ఎట్లా అని చూస్తున్నారు.

"తాతా, జర సేపు మాట్లాడకు. దవడ కదిలితే గీతలు ఖరాబైతయి."

"దవడ కదపకుండ నేను ఎన్నడన్న ఉన్ననా? గీ గీతలు నావి కావు బిడ్డా, ఎవలో బుద్ధిమంతునియి."

నేను అక్కడికి ఉప్మా కోసం పోయానని మా రాజన్న ఊరంతా చెప్పాడు. ఉప్మా బాగానే ఉంది, కాదనను. కానీ పోయింది దానికోసం కాదు. ఒంటె కోసం.

ఆ ఒంటె కథ మా కథలాపూర్ దిక్కు కల్లు తాగే మండువలన్నింటిలో అందరికీ తెలుసు. తాటిచెట్లు వరసపెట్టి ఎండిపోయిన కాలంలో నేను చెట్టెక్కే మోకు అటకమీద పెట్టి కూలిపనికి షార్జా పోయాను. మా క్యాంపు పక్కన ఒక షేకు ఖర్జూరపు తోట. ఖర్జూరం మన ఈతచెట్టుకు అన్నలాంటిది. దాన్ని చూస్తే గీతగాని చేతులు ఊరుకుంటాయా? లుంగీ మోకులా మెలిపెట్టి ఎక్కాను, గీశాను, నూనె డబ్బా కట్టాను. తెల్లారి చూస్తే డబ్బా నిండి కారుతోంది, కింద ఒంటె నోరు తెరుచుకుని నిలబడింది. డబ్బా ఖాళీ చేసింది. తర్వాత అది ముందుకు నడవడం మరిచిపోయింది. వెనక్కి వెనక్కి నడుచుకుంటూ సముద్రం దాకా పోయింది. పోలీసులు ఆపి, ఎదురుదిక్కు వస్తున్నావని చలానా రాస్తే ఆ కాగితం కూడా నమిలేసింది. ఇదీ కథ.

ఇందులో ఎంత నిజమో నాకెప్పుడూ స్పష్టంగానే తెలిసి ఉండేది. తోట ఉంది. ఒంటె ఒకటి ఎక్కడో దూరంగా ఉంది. మిగతాది నేను అతికించింది. గుడ్డకు అతుకు వేసినవాడికి అతుకు ఎక్కడుందో వేళ్ళకే తెలుస్తుంది కదా.

పోయిన ఎండాకాలం మండువలో అదే కథ చెబుతున్నాను. ఒంటె డబ్బా దగ్గరికి రాగానే, దాని నాలుక నా అరచేతికి తగిలింది. గరుకుగా, వెచ్చగా, తడిగా. వాసన కూడా వచ్చింది. నేను ఆగిపోయాను. నేను ఒంటెను ముట్టుకున్నానా? ఎప్పుడు? ఎక్కడ? ఎంత తడిమినా అతుకు దొరకలేదు.

"ఏమైందే? మరిచిపోయినవా?" అని రాజన్న గ్లాసుతో తట్టాడు. "డబ్బా కాడికచ్చింది, గక్కడ ఆగినవు."

కథ పూర్తి చేశాను. అందరూ నవ్వారు. ఇంటికి వచ్చి తలుపు తీస్తే, అడగడానికి ఎవరూ లేరు. నా భార్య పోశవ్వ కాలం చేసింది. గోడమీద ఫోటోలో ఉంది. ఆమెను అడిగినా షార్జా సంగతి ఆమెకేం తెలుసు? మనిషికి మతి తప్పుతుంటే తప్పుతోందని వాడికే ఎట్లా తెలుస్తుంది? ఆ భయంతోనే పోయి టోపీ పెట్టించుకున్నాను.

టోపీ తీశాక జ్యోతి ఒక చిన్న కథ చదివింది. ఒకావిడ బస్సులో అంగడికి పోతుంది. సంచి బస్సులో మరిచిపోతుంది. కండక్టరు పరుగెత్తుకొచ్చి ఇస్తాడు. అంతే. కొంతసేపు ఆగి దాన్ని మళ్ళీ చెప్పమంది. చెప్పాను.

"తాతా, సంచిల కోడి ఏడికెల్లి అచ్చింది?"

"మరి సంచిల ఏమున్నదో నువ్వు చెప్పకపోతివి. ఉత్త సంచి కోసం కండక్టరు గంత దూరం ఉరుకుతడా? కోడి గుడ్డు పెట్టింది, గుడ్డుకు టికెట్ కొట్టాల్నా వద్దా అని అడగనీకె ఉరికిండు."

పక్కనున్న వాళ్ళందరూ నవ్వారు. జ్యోతి కూడా నవ్వింది. తర్వాత కలం పక్కన పెట్టి మెల్లగా అడిగింది. "కావాలని కలిపినవా తాతా, అదే కలిసిందా?"

"కోడిని నేనే కలిపిన. గది నాకెర్కే." అని, ఒంటె నాలుక సంగతి చెప్పాను. ఎవరికీ చెప్పనిది ఆ పిల్లకు చెప్పాను.

ఆమె నవ్వలేదు. కొందరి మెదడు ఖాళీ జాగాలను తనంతట తనే నింపుకుంటుందట. జరగనిదాన్ని జరిగినట్టే చూపిస్తుందట. ఆ మనిషి అబద్ధం చెప్పడు, తాను చూసిందే చెబుతాడు. "నీ లెక్క ఇష్టానికి కలిపి చెప్పేటోళ్లు సుత ఉంటరు. గీ గీతలు చూసి మేము ఇది కలిపింది, గది కలిసింది అని చెప్పలేం తాతా. నువ్వు ముందుగాలకెల్లి గిట్లనేనా, గీ నడుమ మారినవా? గది చెప్పేందుకు ఒక తెలిసిన మనిషి కావాలె."

"ఊరంత తెలిసినోళ్లేనాయె."

"గట్ల గాదు. ఏండ్లకేండ్లు నీతోని కలిసి తిని, ఒక్కదగ్గర పన్నోళ్లు కావాలె. ఒక్కలు చాలు. వాళ్లను తోలుకరా."

ఒక్కరే కదా అనుకుంటూ బస్సెక్కాను.

ముందు రాజన్నను అడిగాను. మండువలో నా పక్కనే కూర్చునే మనిషి, దోస్తు.

"నేనేం చెప్పాలె?" అన్నాడు. "నువ్వు షార్జాల ఉన్నన్ని రోజులు రెండేండ్లకోసారి ఊర్ల సెంటు వాసన అచ్చేది. వాసన అస్తే బక్కయ్య దిగిండని, వాసన పోతే బక్కయ్య పోయిండని అనుకునేటోళ్లం. నేను సుత సగం దినాలు బొంబాయిలనే ఉంటిగాదె అప్పుడు. నీ అబద్ధాలైతే ఎర్కగని, నువ్వు నాకేం ఎర్క?"

నా బిడ్డ అనూషకు ఫోను చేశాను. అల్లుడితో భీవండిలో ఉంటుంది. ఇద్దరూ ఒకే కార్ఖానాలో మగ్గాల మీద పని. ఫోనులో ముందు మగ్గాల చప్పుడు వినపడుతుంది, తర్వాత బిడ్డ గొంతు. సంగతి అంతా అరిచి చెప్పాను.

"బాపూ, నాకేం తెలుసు?" అంది. కోపంగా కాదు, లెక్క చెప్పినట్టు అంది. "నువ్వు ఫోన్ల నవ్విస్తుంటివి. అమ్మ నా చెవుకాడ పెడుతుండె. సెలవుకు అస్తే ఇంటినిండ సుట్టాలే ఉంటుండ్రి, వాళ్లను నవ్విస్తుంటివి. గమ్మున కూసుంటె నువ్వెట్లుంటవో నేనెన్నడు చూడలే బాపూ."

"గమ్మున కూసుంటె నేను మంచిగ కనపడ బిడ్డా," అన్నాను.

నవ్వింది. మగ్గం ఆగిందని ఎవరో పిలిచారు. పోయింది.

ఇక మిగిలింది సారయ్య. సిరిసిల్ల మనిషి. మగ్గాలు మూతపడి, పక్కింటివాళ్ళు ఒక్కొక్కరే ఊరు విడిచిన రోజుల్లో షార్జా వచ్చాడు. రూములో నాది కింది మంచం, ఆయనది పై మంచం. నేను ఇంట్లో పోశవ్వ మొఖం చూసిన దానికంటే ఆయన మంచం అడుగుచెక్క చూసిందే ఎక్కువ. లైటు తీశాక కింద నుంచి నేను కథ మొదలుపెడితే, పైన మంచం కిర్రుకిర్రుమంటూ ఊగేది. ఆయన పైకి నవ్వే మనిషి కాదు. మంచం నవ్వేది. ఒకే ఏడు ఇద్దరం తిరిగివచ్చాం. కొన్నాళ్ళు ఫోన్లు నడిచాయి, తర్వాత ఆయన ఎత్తడం మానేశాడు. నేను ఏదో మాట తూలి ఉంటాననుకుని ఊరుకున్నాను.

కథలాపూర్‌లో వేములవాడ బస్సెక్కాను. వేములవాడలో సిరిసిల్ల బస్సు మారితే, అక్కడి గుడిలో గుండు చేయించుకున్న జనంతో అది నిండిపోయింది. నున్నటి తలలు వరసలు వరసలుగా మెరుస్తున్నాయి. జ్యోతి వాళ్ళు హాలు కోరుట్లలో కాదు, ఇక్కడ పెట్టాల్సింది. వెంట్రుకల్లోంచి జిగురు కడుక్కునే బాధ తప్పేది.

సిరిసిల్ల గల్లీలో అడుగుకో ఇల్లు తాళం వేసి ఉంది. అక్కడక్కడా ఒక మగ్గం టకటకమంటోంది. సారయ్య ఇల్లు చూపించమంటే ఒకాయన చేయెత్తి చూపించి, నా వైపు జాలిగా చూశాడు. తలుపు తీసింది ఆయన భార్య బాలలక్ష్మి.

"ఎవలు?"

"బక్కయ్యను చెల్లే. షార్జాల సారన్న రూం మనిషిని."

ఆమె తలుపు పట్టుకుని అట్లాగే నిలబడింది. "ఒంటె బక్కయ్యవా అన్నా?"

నా పేరుప్రతిష్ఠలు సిరిసిల్ల దాకా పాకాయని ఛాతీ ఉబ్బింది. లోపలికి పోయాను. సారయ్య కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చేతిలో దారం లేని ఖాళీ కండె ఒకటి. దాని మీద లేని దారాన్ని వేళ్ళతో చుడుతున్నాడు. తల ఎత్తి చూశాడు. శుభ్రంగా గడ్డం గీసిన మొఖం. చక్కగా నవ్వాడు, కొత్తవాడిని చూసి నవ్వినట్టు.

"కూసోండ్రి. చాయ తాగిండ్లా? మీదే ఊరు?"

నేను బాలలక్ష్మి వైపు చూశాను. ఆమె తల దించుకుంది.

"కథలాపూర్ దిక్కు," అన్నాను.

"మా బక్కయ్యది సుత గా దిక్కే." కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "షార్జాల మా రూమోడు. ఒంటెకు కల్లు తాపిండు. నేను కండ్లార చూసిన. ఒంటె ఏం జేసిందెర్కనా? ముందుగాల వాని అరచెయ్యి నాకింది. చెమట గదా, ఉప్పుంటది. నాకి నాకి ఇడిసిపెట్టలే."

నాకు ప్రాణం లేచివచ్చింది. అరచేయి సంగతి నేను ఏ మండువలోనూ చెప్పలేదు! అంటే ఉంది. ఒంటె ఉంది. నా మతి నా దగ్గరే ఉంది. నేను లేచి ఆయన చేయి పట్టుకోబోయాను.

"ఇగ గా ఒంటె మా ఎంటనే రూముకచ్చింది," అన్నాడు సారయ్య. "నిచ్చెనెక్కి నా మంచం మీద పన్నది. బక్కయ్య దుప్పటి కప్పిండు."

కూర్చున్నాను. ఇంకేం చేయను.

"ఏడున్నడిప్పుడు బక్కయ్య?" అని అడిగాను.

"డ్యూటీకి పోయిండు. అస్తడు," అని మళ్ళీ కండె తిప్పసాగాడు.

ఆ గదిలో ముగ్గురం ఉన్నాం, ఎవరికి వారే ఉన్నాం. బాలలక్ష్మి చాయ తెచ్చింది. తాగుతూ జ్యోతికి ఫోను చేశాను. మనిషి దొరికాడు కానీ ఇట్లా ఉన్నాడని చెప్పాను.

"తాతా, చెప్పేటోళ్ల యాది మంచిగుండాలె," అంది. "ఆయన చెప్పింది లెక్కకు రాదు."

"నా మంచి చెప్పేది ఒక్కడే, వాడు సుత లెక్కకు రాకపాయె," అని నవ్వాను.

జ్యోతి నవ్వలేదు. సారయ్య గురించి రెండు మాటలు అడిగి, కోరుట్లకు తీసుకురమ్మంది. ఆయనకు ఏ రకం జబ్బో తెలిస్తే సరైన డాక్టరుకు రాసి పంపుతామంది. బాలలక్ష్మి నా చేతిలోంచి ఫోను తీసుకుంది.

"దవఖానల సుత గిదే అడుగుతరమ్మా. ఎప్పటి సంది గిట్లున్నడు, ముందుగాల ఎట్లుండె అని. నాకేం ఎర్క? లగ్గమైన కొత్తల జరంత, సెలవులకచ్చినప్పుడు జరంత. మొత్తానికి తిరిగచ్చినంక మాటలే తక్కువాయె. గదే ఆయన గుణమేమో అనుకున్న." జ్యోతి అటువైపు ఏదో అంది. బాలలక్ష్మి విని, ఫోను చెవి దగ్గరే పెట్టుకుని నా వైపు తిరిగింది. "తెలిసిన మనిషి కావాల్నట అన్నా."

నా కోసం తెలిసిన మనిషిని వెతుక్కుంటూ పోతే, నేనే తెలిసిన మనిషిని అయి కూర్చున్నాను.

రెండు రోజుల తర్వాత సిరిసిల్ల పోయి వాళ్ళిద్దరినీ కోరుట్ల తీసుకొచ్చాను. ఎర్ర కుర్చీలో సారయ్య టోపీ పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు. గీతలు పారుతున్నాయి. నాకున్న గీతలకూ ఆయన గీతలకూ నా కంటికైతే తేడా లేదు. పక్క బల్ల దగ్గర జ్యోతి ఎదురుగా నేను, నా వెనక బాలలక్ష్మి.

"తాతా, కథలొద్దు," అంది జ్యోతి. "చూసింది చూసినట్టు చెప్పాలె."

"చెప్త బిడ్డా."

చెప్పాను. నా నోట్లో నాలుకకు కళ్ళెం వేసుకుని, ఒక్కో మాట వెనక్కి తిప్పి చూసుకుని చెప్పాను. రూములో అందరి ఇళ్ళ ఫోను నంబర్లు సారయ్యకు నోటికి వచ్చు, ఎవరు మరిచినా ఆయన్నే అడిగేవాళ్ళు. వంట వంతు ఆయనది వచ్చిన రోజు అందరం తొందరగా రూముకు చేరేవాళ్ళం. అక్కడి ఆఖరు ఏడు పప్పులో ఉప్పు రెండుసార్లు వేయడం మొదలైంది. నేను సముద్రం నుంచి తెచ్చావా అని ఆటపట్టించాను. ఒకరోజు డ్యూటీ బస్సు దిగి వేరే క్యాంపులోకి పోయి, ఎవరిదో మంచమెక్కి పడుకున్నాడు. అందరం నవ్వాం. ఆ తర్వాత నంబర్లు అడిగితే, ఫోనులో చూసుకోపోండ్రి అని కసిరేవాడు. మాటలు తగ్గించాడు. కథ చెబితే పైన మంచం కదలడం ఆగింది.

"అంటే ఇంటికి రాకముందే మొదలైంది," అని జ్యోతి రాసుకుంది.

నా వెనక నుంచి బాలలక్ష్మి అంది. "గక్కడనే మొదలైందా అన్నా? నేను నా మీద అలిగి మాట్లాడుతలేడనుకుంటి. గన్నేండ్ల సంది."

జ్యోతి కాగితం తిప్పింది. కలం నిలబెట్టి తర్వాతి ప్రశ్న చూసుకుంటుంటే, బాలలక్ష్మి కుర్చీ నా పక్కకు జరుపుకుంది. "ఒక్క ముచ్చట నేనడుగుత అన్నా. గక్కడ ఆయన నన్నెన్నడన్న యాది జేసిండా?"

సారయ్య పెళ్ళాం పిల్లల మాట ఎత్తే మనిషి కాదు. రూములో మేమెవరమూ ఎత్తేవాళ్ళం కాదు. ఎత్తితే ఆ పూట అన్నం దిగదు. అదే చెప్పాలనుకున్నాను. నోరు తెరిచాను.

"శుక్రారం దుప్పట్లు ఉతుకుతుంటిమి చెల్లే. తడి దుప్పటి పిండనీకె ఇద్దరు కావాలె గదా. నేనో కొస, సారన్న ఓ కొస. నేను గుంజి మెలిపెడితే ఆయన కొస జారి పోయింది. అప్పుడన్నడు, గట్ల గుంజకురా, మా బాలలక్ష్మి ఎదుటి చెయ్యి నొవ్వకుంట మెల్లగ పిండుతది అని."

బాలలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎర్ర కుర్చీ వైపు చూసింది. అక్కడ సారయ్య దవడ కదపకుండా కూర్చుని, కంప్యూటరు గీతలను మగ్గం మీది పోగుల్లా చూస్తున్నాడు.

అప్పుడు నేను వెతుక్కున్నాను. దుప్పటి నాకు కనపడుతోంది. కొస నుంచి నీళ్ళు కారి నా పాదాల మీద పడుతున్నాయి. సారయ్య గొంతు వినపడుతోంది. ఎన్నడు జరిగింది? ఎండాకాలమా, చలికాలమా? మేడ మీదనా, బాత్రూముల దగ్గరనా? అతుకు కోసం అంతటా తడిమాను. లేదు. అతుకే లేకపోతే అది నిజమైనా కావాలి, లేదా నేను సారయ్య దారినే ఉండాలి.

"గిది రాసుకోవాల్నా తాతా?" అని అడిగింది జ్యోతి.

ఆమె కళ్ళు నా మీదే ఉన్నాయి. కోడి గురించి అడిగిన మాటే మళ్ళీ అడుగుతోందని నాకు అర్థమైంది.

"వద్దు బిడ్డా," అన్నాను. "గిది రాయకు."

"ఎందుకన్నా?" అంది బాలలక్ష్మి.

"ఇంటి ముచ్చట. యూనివర్సిటోళ్లకెందుకు?"

జ్యోతి కలం మూసింది. సారయ్యకు టోపీ తీశారు. బాలలక్ష్మి తడిగుడ్డ అడిగి తీసుకుని ఆయన వెంట్రుకల్లోని జిగురు మెల్లగా తుడిచింది. ఆయన చిన్నపిల్లవాడిలా తల వంచాడు. హైదరాబాదులో చూపించుకోవాల్సిన డాక్టరు పేరు జ్యోతి వాళ్ళకు రాసిచ్చింది. నన్ను గేటు దాకా సాగనంపుతూ, "ఇంకెవలన్న దొరికితే తోలుకరా తాతా. నీ కాయితం అట్లనే ఉంచుత," అంది.

"ఒంటె దొరికితే తోలుకొస్త," అన్నాను.

సిరిసిల్ల బస్సు మా దారినే పోతుంది కాబట్టి ముగ్గురం ఒకే బస్సు ఎక్కాం. సారయ్య కిటికీ పక్కన, ఆమె మధ్యలో, చివర నేను. కోరుట్ల దాటాక ఆయన నిద్రపోయాడు. తల ఆమె భుజం మీద వాలింది. ఆమె నేను చూసినప్పటి నుంచి లేనంత నిమ్మళంగా ఉంది. కథలాపూర్ దగ్గర పడుతుంటే నా వైపు తిరిగింది.

"గా దుప్పటి ఏ రంగుది అన్నా?"

"నీలం," అన్నాను.

అడిగిన వెంటనే వచ్చింది ఆ రంగు. ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం, బస్సు దిగి, వాళ్ళ బస్సు వేములవాడ రోడ్డు మలుపు తిరిగి కనపడకుండా పోయేదాకా నిలబడి వెతికినా, నాకు తెలియలేదు.